పూజలో తిప్పుడు డబ్బా

వీడియోగేమ్ హ్యాండిల్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టిన ఇల్లు ఈ దేశంలో మాదొక్కటేనేమో. ఏదో ఒక ఏడాది పొరపాటున జరిగింది కాదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ప్రతి దసరాకూ జరిగింది. నవ్వేవాళ్లు నవ్వుకోండి. సంగతి తెలిసిన రోజు మొదట నేనూ నవ్వాను. అమ్మ అడిగిన ఒక్క ప్రశ్నతో ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసిన ఇల్లు. ఇప్పుడు మగ్గం లేదు. మగ్గం గుంత పూడ్చి, పైన బండలు పరిచి, అక్కడ ఫ్రిజ్ పెట్టుకున్నాం. అయినా దసరా వచ్చిందంటే బాపు అటక మీది రేకుపెట్టె దించేవాడు. నేసేటప్పుడు పోగును ఈ కొస నుంచి ఆ కొసకు మోసే నాడె, పోగులను దగ్గరికి కొట్టే ఇనుప పంజా, కత్తెర, నూలు చుట్టే కొన్ని కండెలు తీసి పీట మీద వరసగా పేర్చేవాడు. నాడె పక్కన ఆ డబ్బాను పెట్టేవాడు. అరచేతిలో పట్టేంత నల్లటి ప్లాస్టిక్ డబ్బా అది. పైన గుండ్రటి పెద్ద బిళ్ల, కుడి పక్కన ఎర్ర మీట, వెనక నుంచి పొడవాటి వైరు. బిళ్లను పట్టుకుంటే మెత్తగా అటూ ఇటూ తిరిగేది. అందుకని ఇంట్లో దాని పేరు తిప్పుడు డబ్బా.

అదేంటి బాపూ అని ఎప్పుడడిగినా ఒక్కటే జవాబు, పనిముట్టు అని. అంతకు మించి ఆయన నోట్లోంచి మాట రాలేది కాదు. ఎన్నడో బొంబాయి దగ్గరి భీవండి పోయి వచ్చినప్పుడు తెచ్చాడు కాబట్టి, అది పవర్‌లూమ్ వేగాన్ని పెంచి తగ్గించే సామాను అని మా వాడకట్టంతా తీర్మానించేసింది. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్ని. పిల్లలకు మౌస్ పట్టుకోవడం నేర్పే నేను కూడా ఆ డబ్బాకు ఏటా చేతులు జోడించి దండం పెట్టుకున్నాను. దేవుడి ముందు పెట్టిన వస్తువును ఎవరైనా పరీక్షగా చూస్తారా?

బాపుది ఎడమచేతివాటం. మా దగ్గర పుర్రచెయ్యి అంటారు. చిన్నప్పుడు నానమ్మ కొట్టి కొట్టి అన్నం తినడం, ఎవరికైనా ఏమైనా ఇవ్వడం కుడిచేతికి మార్పించింది. పోగుల దగ్గర మాత్రం ఆ ఎడమచెయ్యి ఎవరి మాటా వినలేదు. నేస్తుంటే పోగు తెగుతుంది, తెగిన చోట ముడి వేసి అతకాలి. బాపు అలా వంగేవాడో లేదో, ఎడమచేతి వేళ్లు ముందుకు పోయేవి, పోగు అతుక్కునేది. ముడి ఎప్పుడు పడిందో నాకు ఒక్కసారి కూడా కనపడలేదు. పక్కన కూర్చుని కళ్లార్పకుండా చూసినా కనపడలేదు.

ఇక ఆ భీవండి సంగతి చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో అందరి నోళ్లూ దాని దగ్గరే మూతపడేవి. నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడు ఇక్కడ పని సరిగా లేక, బాపు వాడకట్టువాళ్లతో కలిసి భీవండిలో సాంచాలు నడపడానికి పోయాడు. మేం పవర్‌లూములను సాంచాలంటాం. పోయేముందు తాత, అంటే బాపు తండ్రి, ఆయన చేతిలో నాడె పెట్టి ఒట్టు వేయించుకున్నాడట, బట్ట నేసే పని తప్ప ఇంకో పని ముట్టనని. పరాయి ఊరు పోయి ఏదో ఒక కూలిలో పడి నేత మరిచినవాళ్లను తాత కళ్లారా చూశాడు. ఆయన భయం ఆయనది.

కొన్ని నెలలకు కలిసి పోయినవాళ్లు పండుగకు వచ్చి, ఆయన మా దగ్గర లేడు, కార్ఖానా వదిలేసి ఎటో పోయాడు అని చెప్పారు. ఆ తర్వాత కబురు లేదు. నేను పుట్టాను, బోర్లా పడ్డాను, పాకడం మొదలుపెట్టాను. అప్పుడొక పొద్దున బాపు భుజాన సంచితో వాకిట్లో నిలబడ్డాడట. సంచిలో బట్టలు, వాటి మధ్య ఈ డబ్బా. ఇన్ని రోజులు ఎక్కడున్నావని తాత నిలదీస్తే తల వంచుకుని నిలబడ్డాడు. మరునాడు పొద్దున మగ్గం ఎక్కాడు. అమ్మ ఏమీ అడగలేదు.

వాడకట్టు ఊరుకుంటుందా? అక్కడ ఇంకో సంసారం పెట్టాడన్నారు. బోరింగు దగ్గర అమ్మ నీళ్లు పడుతుంటే ఆమె చెవిన పడేట్టే అన్నారు. అమ్మ బిందె ఎత్తుకుని వచ్చేసేది. ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. బాపుతో మామూలుగానే కాపురం చేసింది, ఆయన కంచంలో మొదటి ముద్ద పడ్డాకే తను కూర్చుంది. ఆయన పేరు కూడా ఏనాడూ పలకలేదు. మొగుడి పేరు పలకకూడదన్నది ఆమె తరం ఆడవాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన పట్టింపు. బాపు చివరి రోజుల్లో దవాఖానలో నర్సు పేషెంట్ పేరేంటని అడిగితే, నువ్వు చెప్పమని అమ్మ నన్ను మోచేత్తో పొడిచేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఇంత జరుగుతుంటే ఇంకా ఆ పట్టింపేంటమ్మా అని అందరి ముందూ అరిచాను. ఆమె ఇంకోసారి పొడిచింది. నేనే చెప్పాను పేరు.

బాపు పోయాక ఏడాది మాసికం దాకా పండుగలు చేయలేదు. ఆ మధ్యలో ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండా, అమ్మ తనంతట తానే నోరు విప్పింది.

"ఆ యాడాది ఆయన ఏడున్నడో తెలిస్తె చాలు బిడ్డా. మంచిదైనా సరే, చెడ్డదైనా సరే. తెలిస్తె నాకింక ఏ ఫికరు లేదు."

అంత మాట ఆమె లోపల అన్నేళ్లు ఎలా దాచుకుందో నాకు అర్థం కాలేదు. నాకైతే కడుపులో ఏ మాటా పూట దాటి నిలవదు. కానీ చెప్పగలిగినవాడు పోయాడు, అడగడానికి తాత లేడు, భీవండి పోయినవాళ్లలో మిగిలినవాళ్లకు తెలిసింది అంతే. ఏం చేయను? గింజలు తీయడంలో సాయం చేశాను.

ఈసారి దసరాకు రేకుపెట్టె దించడం నా వంతయింది. పండుగకు ఇంకా రోజులున్నాయి. అమ్మ నా బతుకమ్మ కోసం గునుగుపూలకు రంగులద్ది కట్టలు కడుతోంది. నేను వాకిట్లో కూర్చుని పాత బ్రష్షుతో సామాన్లు తోముతున్నాను. తిప్పుడు డబ్బా మీద ఏటికేడు పూసిన పసుపు అట్టకట్టి గట్టిపడిపోయింది. వైరు చివరనున్న ఇనుప గుబ్బలో కుంకుమ కూరుకుపోయి రాయిలా ఉంది. పిన్నీసుతో గీకుతుంటే కుంకుమ రాలి, లోపల గుండ్రంగా సన్నటి సూదులు కనిపించాయి. నా చెయ్యి ఆగిపోయింది. సాంచాకు ఇలాంటి సూదులుండవు. ఇది టీవీకి తగిలించే ఆటపెట్టెలోకి దూరే పిన్ను. అంటే బిళ్ల తిప్పితే తెర మీద బొమ్మ జరుగుతుంది, మీట నొక్కితే ఆట మొదలవుతుంది. ఇన్నేళ్లూ మేం పూజ చేసింది వీడియోగేమ్ హ్యాండిల్‌కా! పొట్ట పట్టుకుని నవ్వాను.

నవ్వుతూనే నోరు జారాను. అమ్మా, ఇది మగ్గం సామాను కాదు, పిల్లలు టీవీలో ఆడుకునే ఆటసామాను అన్నాను.

అమ్మ చేతిలోని గునుగుపూల కట్ట ఒళ్లోకి జారింది.

"ఎవరి పిల్లలు?"

అప్పుడు గానీ నాకు వెలగలేదు. బాపు దాన్ని తెచ్చేనాటికి మా ఇంట్లో టీవీ లేదు. వాడకట్టులోనే లేదు. నన్ను ఆయన అప్పటికింకా చూడనైనా లేదు. ఎక్కడో ఏడాది ఉండి, పిల్లల ఆటసామాను ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చి, దాన్ని బతికున్నన్నాళ్లూ దేవుడి ముందు దాచుకున్న మనిషి గురించి అమ్మ ఏమనుకుంటుంది? బోరింగు దగ్గరి మాటలన్నీ ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టయింది. తెలిసేదాకా దాన్ని పూజలో పెట్టొద్దని మాత్రం అంది అమ్మ. మళ్లీ పూలు చేతిలోకి తీసుకుంది గానీ కట్టలేదు.

అదేమిటో, ఎక్కడిదో కనుక్కోకపోతే నాకు ఇంట్లో ముద్ద దిగేట్టు లేదు. పాత వీడియోగేములు పోగేసేవాళ్లు ఫోన్లలో గుంపులు కట్టుకుని ఉంటారు. అలాంటి ఒక గుంపులో చేరి, అన్ని వైపులా ఫోటోలు తీసి పెట్టాను. జవాబులు కుప్పలుగా వచ్చాయి. ఒకాయన జపాన్‌దన్నాడు. ఇంకొకాయన ఇది అసలు గేమే కాదు, రేడియో సౌండు పెంచేదన్నాడు. పసుపు మరకలు చూసి ఇదేం రోగమని ఇంకెవరో అడిగారు. అన్నిటికన్నా తెలివైనవాడు పెద్ద పాఠమే చెప్పాడు. ఇలా బిళ్ల తిప్పే హ్యాండిళ్లకు మీట ఎడమవైపే ఉంటుందట. ఎడమచేత్తో డబ్బా పట్టుకుని, బొటనవేలితో మీట నొక్కుతూ, కుడిచేత్తో బిళ్ల తిప్పుతారట. మీదాంట్లో మీట కుడివైపుంది, ఏ కంపెనీ ఇలా చేయదు, ఎవరో చెత్త సామాన్లు అతికించి పిల్లాడి కోసం చేసిన బొమ్మ, పారేయండి అని రాశాడు. ఆయనకు నేను రాసిన జవాబు మా బడి పిల్లలు చదవకుంటే మంచిది. కానీ ఆ 'పిల్లాడి కోసం' అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ ముక్క అమ్మకు చెప్పలేదు.

తర్వాత పూనా నుంచి ఒక పెద్దమనిషి మెసేజ్ పెట్టాడు. రిటైరయ్యాక పాత గేములు పోగేసుకుంటూ, పాడైనవి బాగుచేసుకుంటూ ఉంటాడట. మిగతావాళ్లలా తీర్పులు చెప్పలేదు. మేడమ్, డబ్బా అడుగున ఒక మూల మూడు చుక్కలున్నాయేమో చూసి చెప్పగలరా అని అడిగాడు. అడుగునైతే పసుపు ఇంకా దళసరిగా ఉంది. గోటితో గీకాను. మొదట ఒక చుక్క, పక్కన ఇంకొకటి, వాటి పైన మూడోది, చిన్న చిన్న గుంటలుగా పైకి తేలాయి. ఎక్కడో పూనాలో కూర్చున్న మనిషికి మా పూజపీట మీది వస్తువు అడుగున ఏముందో తెలుసు.

ఆయన ఫోన్ చేసి హిందీలో చెప్పుకొచ్చాడు. ఎనభైల్లో బొంబాయి శివారులో ఒక రేకుల షెడ్డులో కొందరు కలిసి టీవీ ఆటపెట్టెలు తయారుచేశారట. బ్లాక్ అండ్ వైట్ టీవీలకు తగిలించుకునేవి. కొద్దిగా చేశారు, తొందరగానే మూసేశారు. పైన పేరు కూడా లేదు, ఆ మూడు చుక్కలే గుర్తు. ఇలాంటి సామాన్ల మీద పిచ్చి ఉన్నవాళ్లలో కూడా చాలామంది వాటిని చూడలేదట. ఆయన దగ్గర మాత్రం మూడు హ్యాండిళ్లున్నాయి. అన్నిటికీ మీట ఎడమవైపే. కుడివైపు మీట ఉన్నది ఆయన కలలో కూడా చూడలేదు. ఒకసారి విప్పి లోపల ఫోటో తీసి పంపగలరా అని అడిగాడు.

పసుపు కుంకుమలు పడిన వస్తువును విప్పాలంటే అమ్మ ఒప్పుకోవాలి. అడిగాను. డబ్బాను తీసుకుని రెండు కళ్లకూ అద్దుకుని, ఏమనుకోకు అని దానికే చెప్పి, నా చేతికిచ్చింది. నాలుగు మరలు విప్పి మూత తీశాను. లోపలికి కూడా పసుపు పొడి దిగి ఉంది. తిరిగే బిళ్ల కింద చిన్న చక్రం, దాని నుంచి సన్నటి తీగలు. వైరు లోపలికి వచ్చే చోట, లాగితే ఊడిపోకుండా, నూలు పోగులు చుట్టి ముడివేసి ఉన్నాయి. ఫోటో తీసి పంపాను.

వెంటనే ఆయన తన మూడింటి లోపలి ఫోటోలు పంపాడు. మూడింట్లోనూ అదే నూలు, అవే చుట్లు, అదే ముడి. ఒకటి కలకత్తా పాతసామాన్ల బజారులో దొరికిందట, ఒకటి నాగపూర్‌లో మూసేసిన రేడియో షాపులో, ఇంకొకటి కొచ్చిలో ఎవరింట్లోనో. వైరు ఊడకుండా అందరూ ప్లాస్టిక్ ముక్క బిగిస్తారు, ఈ షెడ్డులో మాత్రం ఎవరో కూర్చుని ఒక్కొక్కదానికీ చేత్తో నూలు కట్టారు, ఇన్నేళ్లయినా ఒక్క వైరూ కదల్లేదు అన్నాడు. ఆ ముడిని ఆయన దర్జీలకు చూపించాడట, వల అల్లేవాళ్లకు చూపించాడట. దారం పని తెలిసిన చెయ్యే గానీ ముడి తిరగబడి ఉంది అన్నారట వాళ్లు. ఇది ఎవరి చెయ్యో తెలుసుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది మేడమ్ అన్నాడు.

నా కళ్లు ఆ ముడి మీద ఉండిపోయాయి. జీవితంలో మొదటిసారి ఆ ముడి నాకు కనపడింది. వేస్తుండగా ఏనాడూ చిక్కనిది, వేసిన చోట అలాగే ఉంది.

అయినా నా కళ్ల మీద నాకే నమ్మకం లేదు. అమ్మకు ఏమీ చెప్పకుండా కొచ్చి డబ్బా ఫోటో తెరిచి ఫోన్ చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. లేచి లోపలికి పోయి, బాపు చివరగా నేసిన జంపఖానాను మంచం మీది నుంచి లాక్కొచ్చి, వాకిట్లో తిరగేసి పరిచింది. అడుగువైపున పోగులు అతికిన చోట్లను వేలితో వెతికి, ఒకచోట ఆపింది. ముడి కొసలు రెండూ ఎడమకు వాలి ఉన్నాయి. ఫోన్ తెచ్చి దాని పక్కన పెట్టింది.

"ఇగో. గిదీ గదీ ఒక్క చెయ్యే. మీ బాపుది."

నేను చూడని కలకత్తాలో, నేను చూడని కొచ్చిలో, ఎవరెవరి ఇళ్లలోనో పిల్లలు టీవీల ముందు కూర్చుని అరుచుకుంటూ ఆడుకున్నారు. వాళ్ల చేతుల్లోని డబ్బాల లోపల మా బాపు ముడి ఉంది. ఏడాది పొడుగునా ఆయన ఆ రేకుల షెడ్డులో కూర్చుని ముడులు వేశాడు. పవర్‌లూముల దగ్గర ఏం జరిగిందో, అక్కడికి ఎవరు తీసుకుపోయారో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. కానీ ఆయన ఎక్కడున్నాడో తెలిసింది. అమ్మకు కావాల్సింది అదే.

మరి మీట కుడివైపెందుకుంది? మూత బిగించి అమ్మ చేతికిచ్చాను. ఆమె దాన్ని కుడిచేతిలో పెట్టుకుని, ఎడమచేత్తో బిళ్ల పట్టుకుని తిప్పి చూసింది. ఆయన చేతికి సరిగ్గ సరిపోతది అంది. ఊరందరికీ ఎడమవైపు మీట పెట్టి పంపిన మనిషి, ఒక్కటి మాత్రం తన పుర్రచేతికి చేసుకున్నాడు. ఆడుకోవడానికి ఇంట్లో టీవీ లేదని ఆయనకు తెలియదా? తెలుసు. అయినా చేసుకుని తెచ్చుకున్నాడు.

ఎందుకు చెప్పలేదో నాకు అమ్మే చెప్పింది. తాతకు నాడె మీద ఇచ్చిన ఒట్టు. బట్ట నేసే పని తప్ప ముట్టనని మాటిచ్చి, పోయి ఆటసామాను చేసి వచ్చానని ఏ ముఖంతో చెప్తాడు? మాట తప్పినందుకు నోరు మూసుకున్నాడు. ఊరు వేరే కథ కట్టినా నోరు విప్పలేదు. కానీ అబద్ధం మాత్రం ఒక్కసారి కూడా ఆడలేదు. అడిగిన ప్రతిసారీ పనిముట్టు అన్నాడు. ప్రతి దసరాకూ దాన్ని నాడె పక్కనే పెట్టాడు. మేమే వినలేదు.

అమ్మ గోడ మీది బాపు ఫోటో ముందు నిలబడి తిట్టడం మొదలుపెట్టింది. ఆమె ఆయన్ను తిట్టగా నేను వినడం అదే మొదలు. "గింతదానికా? నాకు చెప్తె నేనేమన్న అందునా? మీ నాయినకు చెప్పుదునా?" అంది. చివరి మాట సగంలోనే ఏడుపు వచ్చేసింది. నేను ఆపలేదు. నేనూ పక్కన నిలబడి ఏడ్చాను.

దసరా పొద్దున పీట మీద అన్నీ పేర్చాం. నాడె పక్కన తిప్పుడు డబ్బా. అమ్మే పసుపు రాసింది, పిన్నులో కుంకుమ పోకుండా ఈసారి నేను గుడ్డ చుట్టాను. కొబ్బరికాయ కొట్టబోతుంటే పూనా పెద్దమనిషి ఫోన్ చేశాడు. పండుగ శుభాకాంక్షలు చెప్పి, ఒక చిన్న మనవి అన్నాడు. ఆయన అలమరలో ఆ మూడు డబ్బాల కింద, చేసినవారెవరో తెలియదు అని చీటీ ఉందట. ఈ రోజు దాన్ని మార్చి రాయాలనుకుంటున్నాను, మీ నాన్నగారి పేరు చెప్తారా అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

నేను అలవాటుగా నోరు తెరిచాను. మోచేతి పోటు పడలేదు. అమ్మ పసుపు చేతులు కొంగుకు తుడుచుకుని, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని నోటికి దగ్గరగా పెట్టుకుంది. ఒక్క క్షణం ఫోటో వైపు చూసి, బాపు పేరు చెప్పింది.

అటువైపు సరిగా వినపడలేదట. మళ్లీ చెప్పమన్నాడు. అమ్మ ఈసారి ఇంటిపేరుతో సహా, వాకిట్లోకి వినపడేట్టు గట్టిగా చెప్పింది.